ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ రికార్డును చదవడం ఎలా? రాన్ బరాసీ ఉదాహరణ

క్రికెట్ స్కోరుకు అలవాటుపడిన మన కంటికి ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ రికార్డు మొదట కొరుకుడు పడదు. ఆటగాడిగా ఆరు, కోచ్‌గా నాలుగు ప్రీమియర్‌షిప్‌లు (లీగ్ టైటిళ్లు) గెలిచిన రాన్ బరాసీ (1936–2023) రికార్డును ముందు పెట్టుకుంటే ఆ పని సులువవుతుంది.

ముందుగా స్కోరు రాసే పద్ధతి తెలుసుకోవాలి. 17.9 (111) అని ఉంటే అది దశాంశ సంఖ్య కాదు. మైదానం చివర నిలిపిన నాలుగు స్తంభాలలో నడిమి రెండింటి మధ్య నుంచి బంతిని తన్నితే గోల్, అంటే ఆరు పాయింట్లు. నడిమి స్తంభానికి, దాని పక్క స్తంభానికి మధ్య నుంచి పోతే బిహైండ్, అంటే ఒక పాయింటు. 17 గోల్స్‌ను ఆరుతో గుణించి 9 బిహైండ్లు కలిపితే 111 వస్తుంది. 1977 గ్రాండ్ ఫైనల్‌లో, అంటే టైటిల్‌ను తేల్చే చివరి మ్యాచ్‌లో, నార్త్ మెల్‌బోర్న్ 9.22, కాలింగ్‌వుడ్ 10.16 చేశాయి, లెక్క వేసి చూడండి, రెండూ 76 కావడంతో మ్యాచ్‌ను మళ్లీ ఆడించవలసి వచ్చింది, అందులో బరాసీ శిక్షణలోని నార్త్ మెల్‌బోర్న్ గెలిచింది.

ఆ తరువాత క్లబ్బుల వరుస చూడాలి. మెల్‌బోర్న్ తరఫున 1953 నుంచి 1964 వరకు 204 మ్యాచ్‌లు, కార్ల్‌టన్ తరఫున 1969 వరకు 50 మ్యాచ్‌లు అని ఉంటుంది. ఈ రెండు వరుసల నడుమ ఉన్నదే అసలు కథ. మెల్‌బోర్న్‌కే ఆడిన తండ్రి 1941లో లిబియాలోని టోబ్రుక్ యుద్ధంలో మరణించగా, కుమారుడు బరాసీ ఆ క్లబ్బు కోచ్ నార్మ్ స్మిత్ ఇంట్లో ఉంటూ ఎదిగారు. అటువంటి వ్యక్తి, 1964లో కెప్టెన్‌గా ప్రీమియర్‌షిప్ గెలిచిన వెంటనే, కెప్టెన్-కోచ్‌గా కార్ల్‌టన్‌కు వెళ్లిపోవడం అభిమానులకు మింగుడుపడని విషయమైంది. పాత రికార్డులలో కనిపించే వీఎఫ్‌ఎల్ (విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్), 1990 నుంచి వాడుకలో ఉన్న ఏఎఫ్‌ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) ఒకే లీగ్ అని గుర్తుంచుకుంటే చాలు.

కోచ్ విషయంలో గెలుపు శాతాన్ని నమ్ముకోవద్దని నా సలహా. ఆయన చేరక ముందు జట్టు ఎక్కడుందో చూడాలి. 1964లో 12 జట్లలో పదో స్థానంలో ఉన్న కార్ల్‌టన్ 1968లో, 1947 తరువాత మొదటిసారిగా, విజేత అయింది. 1970 గ్రాండ్ ఫైనల్‌లో 1,21,696 మంది ప్రేక్షకుల ముందు సగం ఆట ముగిసేసరికి 44 పాయింట్లు వెనుకబడిన జట్టుతో, బంతిని తన్నడం కన్నా పిడికిలితో అందించే హ్యాండ్‌బాల్‌నే ఎక్కువగా ఆడించి, 10 పాయింట్ల తేడాతో గెలిపించారు. మొదట చెప్పిన 17.9 ఆనాటి స్కోరే. నార్త్ మెల్‌బోర్న్‌కు 1975లో మొట్టమొదటి ప్రీమియర్‌షిప్ తెచ్చిపెట్టినదీ ఆయనే.

1981 నుంచి 1985 వరకు తిరిగి మెల్‌బోర్న్‌కు కోచ్‌గా పనిచేసిన కాలంలో మాత్రం జట్టు ఒక్కసారి కూడా ఫైనల్స్‌కు, అంటే సీజన్ చివర అగ్రజట్లు ఆడే నాకౌట్ దశకు, చేరలేదు. రికార్డు పుస్తకం అంతటితో ఆగుతుంది. అయితే ఐర్లాండ్ సంప్రదాయ క్రీడ అయిన గేలిక్ ఫుట్‌బాల్ ఆడే ఐరిష్ యువకులను ఈ ఆటకు తెప్పించే ప్రయత్నం జరిగింది ఆ కాలంలోనే. వారిలో ఒకరైన జిమ్ స్టైన్స్ 1991లో లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం అందుకున్నారు.