పిల్లలతో ఎత్తైన కొండలకు: ఇంట్లోని డాక్టరు ముందే చూసుకోవాల్సినవి

కొండల్లో వైద్యం చేసేవారికి సెలవు దొరకడమే అరుదు. అందుకే నైట్ డ్యూటీ దిగిన పొద్దున్నే పిల్లల్ని బండెక్కించుకుని బయల్దేరతారు. మొదటి ప్రమాదం ఆ డ్రైవింగే. 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం కాస్త తాగినవాడి స్థాయికి పడిపోతుంది. మధ్యలో రెండు రాత్రులైనా నిద్రపోండి, లేదా స్టీరింగ్ ఇంకొకరికివ్వండి.

2,500 మీటర్లు దాటితే ఎత్తు జబ్బు (ఒంటికి ఆక్సిజన్ చాలక వచ్చే తలనొప్పి, వాంతులు) రావచ్చు. 3,000 పైన, నిన్న పడుకున్న చోటికంటే ఈ రాత్రి పడక 500 మీటర్లకు మించి పైన ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఆగాలి. పగలు ఎంత ఎక్కి దిగారన్నదానికంటే రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే ముఖ్యం.

ముందుజాగ్రత్తగా ఎసిటజోలమైడ్ (ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే మాత్ర) అవసరమనుకుంటే పెద్దలకు 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి. పిల్లలకు పూటకు కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాములు, అలా రోజుకు రెండుసార్లు, అదీ పూటకు 125 దాటకుండా. బరువు ఇంట్లోనే తూచి, మాత్రలో ఎంత ముక్కో డబ్బా మీద రాసేయండి. చలికి కొంకర్లు పోయే వేళ్లతో, హెడ్‌ల్యాంప్ వెలుగులో లెక్కలు తప్పుతాయి. సల్ఫా మందులు పడనివారి సంగతి ముందే తేల్చుకోండి. వేళ్లు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రం రావడం ఈ మందుతో మామూలే.

మాటలు రాని పిల్లలు తలనొప్పని చెప్పలేరు. తిండి మానేయడం, ఊరకే ఏడవడం, ఆడకపోవడం, వాంతులు కనిపిస్తే వేరే కారణం తేలేదాకా ఎత్తు జబ్బే అనుకోవాలి.

అసలు చిక్కు డాక్టరు దగ్గరే. పరాయి రోగిని వెంటనే దించేసే మనిషి, సొంత బిడ్డ దగ్గరికొచ్చేసరికి “నీళ్లు తక్కువ తాగింది, అంతే” అంటారు. కాబట్టి నియమాలు ఇంట్లోనే కాగితం మీద పెట్టండి. తలనొప్పితో వాంతులుంటే పైకి వెళ్లొద్దు. మడమకు బొటనవేలు ఆనిస్తూ గీత మీద నడవలేక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, అర్ధరాత్రయినా దిగాల్సిందే. 300 నుంచి 1,000 మీటర్లు దిగితే చాలావరకు తేరుకుంటారు. డెక్సామెథసోన్ (జబ్బు ముదిరినప్పుడు వాడే స్టెరాయిడ్ మందు) దిగడానికి వ్యవధినిస్తుంది, దిగడానికి బదులు కాదు. వెనుదిరిగే నిర్ణయం మాత్రం భార్య లేదా భర్త చేతికివ్వండి.

పడిపోయేది డాక్టరే కావచ్చు. కిట్‌లో ఏ సంచి దేనికో ఇంట్లోవాళ్ల చేత ఒకసారి తీయించి చూడండి. దారిలో వేరే బృందాలు సాయం అడుగుతాయి, కాదనలేరు. ఇంటివాళ్ల మోతాదులు విడిగా కట్టి పెట్టుకోండి.

శాటిలైట్ మెసెంజర్ (ఫోన్ సిగ్నల్ లేనిచోట ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం) నుంచి బయల్దేరేముందే ఒక సందేశం పంపి చూడండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లోనే ఉంచండి. దారి, తిరిగొచ్చే రోజు, ఏ గంట దాటితే ఎవరికి ఫోన్ చెయ్యాలో కింద ఉన్నవారికి రాసిచ్చి వెళ్లండి.