ఫ్లూ సర్వైలెన్స్‌కి (ఫ్లూ వ్యాప్తిపై నిఘాకి) ముక్కు స్వాబ్ సరిగ్గా తీసి పంపడం ఎలా

ల్యాబ్‌లో ఎంత మంచి మెషీన్ ఉన్నా శాంపిల్ పాడైతే లాభం లేదండీ, కాబట్టి ముందు పేషెంట్‌ని చూడండి, 38 డిగ్రీలు లేదా ఆపైన జ్వరం, దగ్గు ఉండాలి, మొదలై 10 రోజులు దాటకూడదు. మొదటి మూడు నాలుగు రోజుల్లో తీస్తే వైరస్ బాగా దొరుకుతుంది.

పాలిస్టర్ లేదా నైలాన్ స్వాబే వాడండి, ప్లాస్టిక్ పుల్లది, చెక్క పుల్లకి దూది చుట్టింది అస్సలొద్దు, పీసీఆర్‌కి (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే టెస్టుకి) అడ్డొస్తుంది. ముక్కులో పైకి కాకుండా చెవి వైపుకి నేరుగా పోనిచ్చి, అడ్డు తగిలాక మెల్లగా తిప్పి తీసి వెంటనే వీటీఎం (వైరస్‌ని చెడకుండా ఉంచే ద్రవం) ట్యూబ్‌లో పెట్టి పుల్ల విరిచేయండి.

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి! ట్యూబ్‌ని మామూలు ఫ్రీజర్‌లో పెట్టకండి, మైనస్ 20లో వైరస్ దెబ్బతింటుంది, ఇక కల్చర్‌లో (ల్యాబ్‌లో వైరస్‌ని పెంచే పద్ధతిలో) పెరగడం కష్టం. ఐస్ ప్యాక్‌లతో 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచి 72 గంటల్లోపు చేర్చాలి, లేటయ్యేలా ఉంటే మైనస్ 70 ఫ్రీజరే.

ఫారంలో వయసు, ఊరు, జ్వరం మొదలైన తేదీ, ఫ్లూ టీకా వేయించుకున్నారా లేదా అన్నీ రాయండి, ఎందుకంటే పీసీఆర్‌లో హెచ్1ఎన్1, హెచ్3ఎన్2, బి విక్టోరియా లాంటి ఏ ఫ్లూ రకమో తేలాక కొన్నిటిని సీక్వెన్సింగ్ (వైరస్ జన్యుక్రమం చదవడం) చేస్తారు, పూణే ఎన్‌ఐవీ (జాతీయ వైరాలజీ సంస్థ) లాంటి సెంటర్ల డేటా చూసే డబ్ల్యూహెచ్‌వో ఏటా ఫిబ్రవరిలో, సెప్టెంబర్‌లో టీకాలో ఏ స్ట్రెయిన్లు (వైరస్ రకాలు) ఉండాలో చెబుతుంది.