చలి ముదరకముందే అంతర తామరను ఇంట్లోకి చేర్చుకోవడం: కొన్ని జాగ్రత్తలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో నీరు గడ్డకట్టేంత చలి ఉండదు కనుక నీటిపై తేలే మొక్కలకు భయం లేదని చాలామంది అనుకుంటారు. కానీ అంతర తామర (నీటిపై తేలే పిస్టియా) వేడిని కోరే మొక్క. రాత్రి ఉష్ణోగ్రత వరుసగా కొన్నాళ్లు 15 డిగ్రీలకు దిగువనే ఉంటే ఎదుగుదల ఆగి, ఆకులు అంచుల నుంచి పసుపుబారతాయి. చెరువు నీరు నిదానంగా చల్లబడుతుంది గానీ, డాబా మీది సిమెంటు గోలెంలోని కొద్దిపాటి నీరు తెల్లవారేసరికి చల్లగా అయిపోతుంది. కాబట్టి నవంబరు నెలాఖరులోగా నాలుగైదు మొక్కలనైనా విత్తనంగా ఇంట్లో దాచుకోవాలి.

దాచడానికి పెద్ద మొక్కలను ఎంచుకోకండి. ముదురువే ముందు కుళ్లుతాయి. అరచేతిలో ఇమిడే పిల్లమొక్కను ఎత్తి చూస్తే వేళ్లు తెల్లగా, ఈకల్లా విచ్చుకుని ఉండాలి. వేలితో తాకగానే గోధుమరంగు జిగురుగా ఊడివచ్చే వేళ్లున్న మొక్కను తీసుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త దోమల విషయంలో తీసుకోవాలి. మాన్సోనియా జాతి దోమల లార్వాలు గాలి కోసం నీటిపైకి రావు. ఈ మొక్క వేళ్లకు గుచ్చుకుని, వాటిలోని గాలినే పీల్చుకుంటాయి. అందుకే నీటిపై నూనె చల్లినా అవి చావవు. ఒక రకం బోదకాలును వ్యాపింపజేసేవి ఈ దోమలే కనుక, మొక్కలను గడప దాటించకముందే బకెట్టు నీటిలో వేళ్లను గట్టిగా జాడించి, నీరు మార్చి మళ్లీ రెండుసార్లు కడగాలి. ఆ నీటిని మోరీలో కాకుండా ఎండిన నేలపై పారబోయాలి. వారం తర్వాత మరోసారి వేళ్లు పరిశీలించి, తొట్టిపై సన్నని దోమతెర కట్టడం తప్పనిసరి.

వెడల్పాటి తొట్టిలో రెండు వేళ్ల మందం చెరువు మట్టి పరచి, దానిపై జానెడు నీరు పోస్తే చాలు. మిషన్ భగీరథ పథకం నల్లా నీటిని ఒక రోజు మూత లేకుండా నిల్వ ఉంచి వాడితే క్లోరిన్ చాలావరకు తగ్గుతుంది. నల్లగొండ వైపు బోరు నీటిలో ఫ్లోరైడ్, లవణాలు ఎక్కువ కాబట్టి, వాననీరు దొరికితే అదే మేలు. ఆకుల మధ్య నీరు నిలిస్తే మొదలు కుళ్లుతుంది. నీటిని ఎప్పుడూ తొట్టి అంచు నుంచే పోయాలి.

నిరుడు నా మొక్కలు సగం చనిపోయింది చలికి కాదు, చీకటికి. ఈ కాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు కనుక తొట్టిని దక్షిణపు కిటికీ దగ్గర ఉంచండి. అక్కడా వెలుగు చాలకపోతే రోజుకు పది, పన్నెండు గంటలు ఎల్‌ఈడీ దీపం వెలిగించవచ్చు. అయితే దాని వైరు గానీ ప్లగ్గు గానీ నీటిలో పడే వీలు లేకుండా గోడకు బిగించాలి. పాకే పిల్లలున్న ఇంట్లో తొట్టి నేలమీద ఉండకూడదు, జానెడు నీరైనా పసివారికి ప్రాణాపాయమే. ఈ ఆకును కొరికితే నోరు మండి వాస్తుందని కూడా ఇంట్లో అందరికీ చెప్పాలి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అప్పుడు మొక్కలను నేరుగా ఎండలో పెడితే ఆకులు మాడిపోతాయి. వారం రోజులు వేపచెట్టు నీడలో ఉంచి, ఆపైన గోలెంలో వదలాలి. మిగిలిన మొక్కలను చెరువులో పడేయకుండా ఎండబెట్టి ఎరువుకుప్పలో కలపండి.