సాంకే కార్డు కొనే ముందు వెనక్కి తిప్పి చూడండి

మొదటి ప్రపంచ యుద్ధమప్పుడు జర్మనీ పిల్లలు ఫైటర్ పైలట్ల ఫొటోల కోసం ఎగబడేవాళ్లు, మనం చిన్నప్పుడు సినిమా హీరోల బొమ్మల కోసం కొట్టుకున్నట్టే. బెర్లిన్‌లో విల్లి సాంకే అనే ఆయన వాటిని వరుస నంబర్లు వేసి పోస్టుకార్డులుగా అమ్మాడు. ఉద్యోగానికి ఈ ఊరొచ్చాక, ఆదివారం మౌఎర్‌పార్క్ సంతలో నేను వెతికేది ఆ కార్డులే. అందులోనూ మెడలో ‘పూర్ ల మెరీట్’ అనే జర్మన్ శౌర్య పతకం వేలాడుతున్నవాళ్లవి. పైలట్లలో ఆ పతకం మొదట అందుకున్నది బోల్కె, ఇమ్మెల్‌మన్. ఇద్దరికీ ఒకే రోజు, 1916 జనవరి 12న.

కార్డు తేనెరంగులో ఉంటే పాతదేనని అమ్మేవాళ్లు ఒట్టేసి చెబుతారు. టీ డికాక్షన్‌లో ముంచినా ఆ రంగొస్తుంది! పది రెట్ల భూతద్దం పెట్టి చెంప మీద నీడ చూడండి. అసలు ఫొటో అయితే నీడ పొగలా పరుచుకుని ఉంటుంది. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది ప్రెస్సులో అచ్చయింది. చిన్న యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి కూడా జేబులో ఉంచుకోండి. కాగితం నీలంగా వెలిగిపోతే పక్కన పెట్టేయండి, 1950ల నుంచి వాడుకలోకొచ్చిన తెల్లదనం రసాయనం అది. వెలగకపోతే మాత్రం అసలుదని ఖాయం కాదు.

నాకు బాగా పనికొచ్చేది పేరు ముందున్న హోదా. ‘రెడ్ బారన్’గా పేరున్న పైలట్ రిష్టోఫెన్ 1917 ఏప్రిల్‌లో రిట్‌మైస్టర్, అంటే అశ్వికదళ కెప్టెన్ అయ్యాడు. ఆ హోదాతో ఉన్న కార్డు వెనక అదే ఏడాది జనవరి పోస్టు ముద్ర ఉంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. స్టాంపు లేదని అనుమానపడకండి. సైనికులకు ఫెల్డ్‌పోస్ట్, అంటే సైనిక తపాలా, ఉచితం. స్టాంపు లేకుండానే గుండ్రటి ముద్ర పడేది. వెనక పెన్సిల్‌తో నాలుగు ముక్కలు రాసి ఉంటే బేరం తెగకపోయినా నేను వదలను. ఖాళీ కార్డుకే రేటు ఎక్కువ పలుకుతుందంటారు గానీ, ఆ లెక్క నాకెప్పుడూ నచ్చలేదు.

సంతకం ఉన్నవాటి జోలికి కొత్తవాళ్లు వెళ్లొద్దు. రిష్టోఫెన్‌తో మొదలుపెట్టొద్దు, నకిలీలన్నీ ఆయన చుట్టూనే. వింట్‌గెన్స్, పార్షావ్ లాంటి పైలట్ల కార్డులు అందుబాటు ధరలో దొరుకుతాయి.

ఇంటికి తెచ్చాక జిగురు, సెల్లో టేపు తగలనీయొద్దు. పీవీసీ కవర్లు వద్దు, పాలియెస్టర్‌వి కొనండి. మన ఊళ్లకు తీసుకెళ్తే వానాకాలం డబ్బాలో సిలికా జెల్ పొట్లం తప్పనిసరి.