మడత చాకు విప్పే ముందు వేళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి

పోయిన వారం మా బావమరిది చూపుడు వేలికి ఆపరేషన్ అయింది. చేసింది పెద్ద పనేం కాదు. చవక మడత చాకు, తెరిస్తే బ్లేడు అటూ ఇటూ ఊగుతోందని ఇరుసు దగ్గర స్క్రూ బిగించాడు. బిగిసిందో లేదో చూద్దామని ఎడమ చేత్తో పిడి పట్టుకుని, కుడి చేత్తో బ్లేడు వెన్ను (పదును లేని వైపు) మీద గట్టిగా నొక్కాడు. తెరిచిన బ్లేడును మూసుకోకుండా ఆపే లాక్ జారింది. ఎడమ చేతి నాలుగు వేళ్లూ బ్లేడు మూసుకుని దూరే పిడి గాడి మీదే ఉన్నాయి. వేలిని వంచే స్నాయువు తెగింది.

పదును తగిలితే తెగుతుందని, పిల్లలకు అందనివ్వొద్దని మీకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే: బ్లేడు మూసుకునే దారిలో వేలు పెట్టి లాక్‌ను పరీక్షించకండి. స్క్రూలు విప్పేటప్పుడు తెగిన వేళ్లు నేను పెద్దగా చూడలేదు. చూసినవన్నీ బిగించాక, "ఎలా కుదిరిందో చూద్దాం" అన్నప్పుడు తెగినవే.

ముందు మీ చాకుకు అసలు లాక్ ఉందో లేదో చూడండి. పాతకాలపు రకాల్లో వెనక స్ప్రింగు ఒక్కటే బ్లేడును పట్టి ఉంచుతుంది. అది లాక్ కాదు, వెన్ను మీద ఒత్తిడి పడితే మూసుకుంటుంది. లైనర్ లాక్ అయితే పిడి లోపలి పలచటి రేకు పక్కకు వచ్చి బ్లేడు మొదలుకు అడ్డంగా నిలబడుతుంది. చవక చాకుల్లో ఈ రేకు చాలాసార్లు అంచు మీద మాత్రమే ఆనుతుంది. దానికి తోడు ఇరుసు వదులైనా, రేకు ఆనే చోట దుమ్మో నూనో చేరినా పట్టు పోతుంది. చూడ్డానికి మాత్రం లాక్ పడినట్టే ఉంటుంది, చిక్కంతా అక్కడే.

పరీక్షించాలంటే పదును మీద మందంగా టేపు చుట్టండి. పిడిని గుడ్డలో పెట్టి వైస్‌లో (బల్లకు బిగించే పట్టకారులో) బిగించండి. తర్వాత కర్రముక్కతో వెన్ను మీద మెల్లగా నొక్కండి. వైస్ లేదా? పిడిని రెండు పక్కల నుంచే పట్టుకోండి, గాడి వైపు ఏ వేలూ ఉండకూడదు. మూసుకుంటే ఖాళీ గాడిలోకి మూసుకోవాలి. కొందరు వెన్నును బల్లకేసి కొట్టి చూస్తారు. దానివల్ల బాగున్న లాక్ కూడా పాడవుతుంది.

విప్పేటప్పుడు: టేపు ముందు, స్క్రూడ్రైవర్ తర్వాత. నక్షత్రం గుర్తు స్క్రూలకు సరైన సైజు బిట్ వాడండి, ఎక్కువగా టీ6, టీ8 ఉంటాయి. దగ్గరగా ఉందని వేరేది దూరిస్తే తల అరిగిపోతుంది. కదలకపోతే సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద కొన్ని సెకన్లు ఆనించండి, స్క్రూ వదులు కాకుండా మరల్లో వేసిన జిగురు మెత్తబడుతుంది. వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఫోటో తీసుకోండి. రివెట్లు కొట్టిన చాకైతే విప్పకండి.

బిగించేటప్పుడు: ఇరుసు స్క్రూను పూర్తిగా బిగించి, ఊగకుండా తేలిగ్గా తిరిగేంత వరకు కొంచెం కొంచెంగా వదులు చేయండి. స్క్రూ మరలకు జిగురు వేస్తే నీలం రంగుది, ఒక్క చుక్క. ఎరుపుది వేశారో, మళ్లీ విప్పేటప్పుడు వేడి పెట్టక తప్పదు.

ఇక ఇవి, ఒక వరస లేకుండా:

లాక్ ఆనే చోట నూనె వేయకండి. ఇరుసుకే వేయండి.

పదును పెట్టడం ఆఖరి పని. ముందే పెట్టి తర్వాత విప్పేవాళ్లకు ఏం చెప్పాలో నాకు తెలీదు.

తిరిగే సానరాయి మీద బ్లేడును కాలనివ్వకండి. మామూలు కార్బన్ ఉక్కు నీలం రంగుకు తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరినట్టు. ఆ చోట గట్టిదనం పోతుంది, పదును నిలవదు.

మొనతో గుచ్చకండి. వెన్నుతో గీకకండి. రెండూ బ్లేడును మూసుకునే వైపే నెడతాయి.

లైనర్ లాక్ మూసేటప్పుడు బొటనవేలు దారిలోనే ఉంటుంది. రేకు నొక్కి, బ్లేడును కాస్త వంచి, వేలు తీసి, ఆ తర్వాతే మూయండి.

మళ్లీ చెప్తున్నా, గాడి వైపు వేళ్లు వద్దు. "ఒక్కసారి చూసి వదిలేస్తా" అన్నప్పుడు కూడా వద్దు.

తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు అదిమి పట్టండి, మధ్యలో ఎత్తి చూడకండి. వేలు వంగకపోయినా, కొస మొద్దుబారినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. రక్తం ఆగిందని మావాడు రెండు రోజులు ఇంట్లో కూర్చున్నాడు. టెటనస్ టీకా ఎప్పుడు వేయించుకున్నారో డాక్టరుకు చెప్పండి.

బిగించాక కూడా లాక్ జారితే రేకును వంచి సరిచేయబోకండి. రెండు రోజులు పట్టినట్టుండి, మూడో రోజు పనిలో ఉండగా జారుతుంది. ఆ చాకును మూసి, చుట్టూ టేపు వేసి పారేయండి. టేపు వేయకపోతే చెత్త తీసేవాళ్ల చేతికి తెగుతుంది.