మూలికా వేర్ల గుర్తింపు – 4వ పాఠం: సుగంధిపాల, వాసన తెచ్చిన తంటా

గత పాఠంలో సుగంధిపాల వేరును ముందుగా విరిచి వాసన చూడమని రాశాను. ఆ తరువాత మరో మూడు పరీక్షలు చెప్పినా, విజయవాడ వన్‌టౌన్ మూలికల కొట్లకు వెళ్లిన పాఠకులలో చాలామంది మొదటి పరీక్షతోనే పొట్లం కట్టించుకున్నారని వారు పంపిన ముక్కలే చెప్పాయి. వాసనను ముందు పెట్టిన పొరపాటు నాదే కనుక, ఈసారి ఆ ఒక్క చిక్కునే విప్పుతాను.

వచ్చినవాటిలో ఎక్కువ భాగం మారేడు గడ్డల ముక్కలు. బిల్వదళాల మారేడు చెట్టుకూ దీనికీ సంబంధం లేదు. ఇది నల్లమల, శేషాచలం కొండలలో పెరిగే తీగ, బర్రె సుగంధి అని కూడా అంటారు. వృక్షశాస్త్రంలో దీని పేరు డెకాలెపిస్ హామిల్టోనై, సుగంధిపాల పేరు హెమిడెస్మస్ ఇండికస్. రెండింటి పరిమళానికీ మూలం 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్ అనే ఒకే పదార్థం కాబట్టి, ఎంత చురుకైన ముక్కయినా ఇక్కడ ఓడిపోతుంది. "ఘుమఘుమలాడుతోంది కదండీ, ఇంకేం చూస్తారు" అని కొట్టులో అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మారేడు గడ్డ విషం కాదు, ఊరగాయ పెట్టుకుని తింటారు. అయినా వైద్యుడు రాసిన మూలిక అది కాదు. వాసన లేని సరుకును తిప్పి పంపడానికే ముక్కు పనికివస్తుంది. కృష్ణశారిబ (ఆయుర్వేదంలో శారిబ అంటే సుగంధిపాల, ఇది దాని నల్ల రకమని చెప్పేది) పేరుతో అమ్మే నల్లతీగ వేరు అలాగే పట్టుబడుతుంది, సుగంధిపాలతో ఒకే గోనెలో నెలల తరబడి ఉండి ఆ వాసన అంటించుకోకపోతే.

కనుక కంటితో చూడండి. అసలు వేరు 3 నుంచి 8 మిల్లీమీటర్ల మందంలో, కాస్త వంకరగా, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. బెరడు మీద అడ్డంగా పగుళ్లుంటాయి, గోటితో లేపితే అది గట్టి కర్ర లాంటి నడిమి భాగం నుంచి సులువుగా ఊడివస్తుంది. మారేడు గడ్డలో కండే ఎక్కువ, లోపలి నార సన్నం. చిక్కంతా గడ్డను సన్నగా చీల్చి ఎండబెట్టినప్పుడే వస్తుంది, అందుకే చీలికలనూ పొడినీ నేను కొననే కొనను, చీల్చని వేర్ల కట్టలే అడుగుతాను.

అభ్యాసం: మూడు కొట్లలో 50 గ్రాముల చొప్పున కొని, ప్రతి పొట్లం నుంచి 20 ముక్కలను అడ్డంగా కోసి, బెరడు మందాన్నీ నడిమి కర్ర మందాన్నీ కొలిచి పట్టికగా రాయండి. కొలతలు పూర్తయ్యే వరకు వాసన చూడకూడదు.