గుల్మార్గ్ మంచులో స్కీకి దిగే ముందు జాగ్రత్తలు

నల్లగొండ, పాలమూరు ఎండలకు అలవాటైన ఒళ్లు దాదాపు 2,650 మీటర్ల ఎత్తుకు ఒక్కరోజులో సర్దుకోదు. కశ్మీర్‌లోని గుల్మార్గ్ చేరిన రోజు విశ్రాంతి తీసుకోండి, నీళ్లు బాగా తాగండి.

బూటు: మోకాలి దాకా వచ్చే పలుచని సాక్సు ఒక్క జతే. చలికి భయపడి రెండు జతలు వేస్తే మడతపడి కాలు ఒరుసుకుంటుంది, రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందువైపు తగలీ తగలనట్టుండాలి. మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి రావాలి. మడమ పైకి లేస్తుంటే ఆ బూటు వద్దు.

బైండింగ్ (బూటును స్కీ పలకకు పట్టి ఉంచే బిగింపు): బరువు, ఎత్తు, వయసు, కొత్తవారన్న సంగతి అద్దె దుకాణంలో ఉన్నదున్నట్టు చెప్పండి. బిగువు ఎక్కువైతే పడ్డప్పుడు స్కీ ఊడదు, మోకాలు మెలిపడుతుంది. బూటు అడుగున అంటిన మంచు గీకేశాకే బిగించండి.

హెల్మెట్, మంచు కళ్లద్దాలు తప్పనిసరి.

వాలులో మీకంటే కింద ఉన్నవాళ్లకే దారి ఇవ్వాలి. వాళ్లు మీకు కనిపిస్తారు, మీరు వాళ్లకు కనిపించరు. ఆగాలంటే అంచుకు జరగండి. ఇరుకుచోట, మలుపు మరుగున అసలే ఆగొద్దు. మళ్లీ కదిలేముందు పైకి చూడండి. ఫొటోల కోసం నడిమధ్య గుంపుగా నిలబడకండి, దయచేసి. ఎవరైనా పడి లేవలేకపోతే, వాళ్లకు పైవైపున రెండు స్కీలను ఇంటూ గుర్తులా గుచ్చి, సాయానికి పిలవండి, వాళ్లను కదపొద్దు.